ఫ్రాన్స్‌లో జీతం, ఫ్రెంచిలో లెక్క

తులూజ్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి నెల, జీతం పడటానికి ఖాతా కావాలని బ్యాంకుకు వెళ్లాను. కాగితాలు నింపుతూనే అక్కడి ఆవిడ గడగడా అయిదు పేర్లు చదివింది. లివ్రె ఆ, ఎల్‌డీడీఎస్, పీఈఎల్, అస్యురాన్స్ వీ, పీఈఏ. నేను బుద్ధిగా తల ఊపుతూ కూర్చున్నాను. అందులో నాకు తెలిసినట్టు అనిపించింది ఒక్క అస్యురాన్స్ వీ. జీవిత బీమా అన్నమాట. "మా నాన్నగారు చిన్నప్పుడే నా పేరున ఎల్ఐసీ కట్టారండీ, నాకది చాలు" అని వచ్చీరాని ఫ్రెంచిలో చెప్పి బయటపడ్డాను. ఏజెంటును తప్పించుకున్నానని లోపల కాస్త గర్వం కూడా.

ఆ గర్వం ఖరీదు మూడేళ్ల తర్వాత తెలిసింది. అస్యురాన్స్ వీ మనం అనుకునే జీవిత బీమా కాదు. పేరు అదే గానీ, ఫ్రెంచివాళ్లు అందులో దాచుకునేది మామూలు పొదుపు. ఆ రోజు ఓ వంద యూరోలు పడేసి తెరిచి ఉంటే మూడేళ్ల గడియారం అప్పటికే తిరిగి ఉండేది. ఆ గడియారం ఏమిటో చెప్పాలంటే ముందు కవర్ల సంగతి చెప్పాలి.

ఫ్రాన్స్‌కు వచ్చిన మనవాళ్లలో చాలామంది డబ్బు గురించి చదివేది ఇంగ్లీషులో. ఇంగ్లీషులో దొరికేది చాలావరకు అమెరికా సరుకు. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టు, చవకైన ఇండెక్స్ ఫండ్ కొను, ఇరవయ్యేళ్లు దాని మొహం చూడకు. మాట మంచిదే. కానీ ఆ రాతల్లో కనిపించే అమెరికా ఈటీఎఫ్‌ను, అంటే షేర్ల మార్కెట్లో కొనుక్కునే ఇండెక్స్ ఫండును, ఇక్కడ కొనబోతే యాప్ ఒప్పుకోదు. 2018 నుంచి యూరప్‌లో మామూలు మదుపరికి ఇలాంటి ఫండ్ అమ్మాలంటే యూరప్ నమూనాలో రాసిన సమాచార పత్రం ఒకటి ఉండాలి. అమెరికా ఫండ్ కంపెనీలు అది రాసే పని పెట్టుకోవు. సరే, అదే సూచీని (ఇండెక్స్‌ను) అనుసరించే యూరప్ ఫండ్లు ఉన్నాయి కాబట్టి అక్కడితో పెద్ద నష్టం లేదు. అసలు తేడా ఇంకోచోట ఉంది. ఇక్కడ ఏ ఫండ్ కొన్నావని పన్నువాళ్లు పెద్దగా పట్టించుకోరు, దాన్ని దేనిలో పెట్టి కొన్నావని చూస్తారు. ఆ "దేనిలో" అన్నదానికి ఫ్రెంచివాళ్ల మాట ఆన్వలోప్. మన మాటలో కవరు.

ఒకే ఫండ్, పదివేల యూరోలు పెట్టారు, కొన్నేళ్లకు రెట్టింపయింది అనుకుందాం. లాభం పదివేలు. ఏ కవరూ లేని మామూలు షేర్ల ఖాతాలో (దాన్ని సీటీఓ అంటారు) ఉంటే, 2018లో తెచ్చిన ఫ్లాట్ ట్యాక్స్ ప్రకారం 2025 దాకా 30 శాతం పోయేది. అందులో 12.8 ఆదాయపు పన్ను, 17.2 సామాజిక భద్రత కోసం తీసుకునే చందాలు. అంటే మూడు వేలు. అదే ఫండు అయిదేళ్లు దాటిన పీఈఏ అనే షేర్ల కవర్లో ఉంటే ఆదాయపు పన్ను వాటా మాఫీ, చందా మాత్రమే కట్టాల్సి వచ్చేది. అంటే 1,720. ఫండు మారలేదు, మార్కెట్ మారలేదు, కష్టపడింది లేదు. కవరు మారినందుకు 1,280 యూరోలు మిగిలాయి. ఈ అంకెల్ని మాత్రం శిలాశాసనంలా పట్టుకోవద్దు. 2026 నుంచి షేర్ల లాభాల మీద ఆ చందాను 18.6కు పెంచారు, అస్యురాన్స్ వీని 17.2 దగ్గరే వదిలేశారు. ఫ్రాన్స్‌లో డబ్బు గురించి ఏది చదివినా ముందు పైన తేదీ చూసుకోమని అందుకే అంటాను. రెండేళ్ల కిందటి మంచి సలహా ఇవాళ సగం నిజం.

అన్నిటికంటే పాత కవరు లివ్రె ఆ. లివ్రె అంటే పాస్‌బుక్కు. నెపోలియన్ యుద్ధాలతో ఖాళీ అయిన దేశంలో 1818లో పారిస్ పొదుపు బ్యాంకుతో పాటు పుట్టింది. మన ఇళ్లలో అమ్మలు పోపుల డబ్బాలో దాచినట్టు ఇక్కడి ముసలమ్మలు ఉన్ని మేజోడులో దాచేవారట. ఇప్పటికీ దాచుకున్న డబ్బును బా ద లేన్ అంటారు, అంటే ఉన్ని మేజోడు. ఆ మేజోళ్లలోని డబ్బును బయటికి లాగటానికి పెట్టిన పుస్తకం ఇది. మనిషికి ఒకటే ఉండాలి. గరిష్ఠం 22,950 యూరోలు. వడ్డీ మీద పైసా పన్ను లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు, వడ్డీ రేటు ప్రభుత్వమే ప్రకటిస్తుంది కాబట్టి ఏ బ్యాంకులో తెరిచినా ఒకటే. ఇలా పోగైన డబ్బులో సగానికి పైగా 1816 నాటి ప్రభుత్వ సంస్థ కేస్ దే దేపో చేతికి వెళ్తుంది. తక్కువ అద్దెల ఇళ్ల నిర్మాణానికి దీర్ఘకాలపు అప్పులు అక్కడి నుంచే వస్తాయి. మన పోస్టాఫీసు పొదుపు ఖాతాకు పెద్దన్నయ్య అనుకోండి.

రేటు మాత్రం ఊగుతుంది. 2023 ఫిబ్రవరిలో 3 శాతం, 2025 ఫిబ్రవరిలో 2.4, అదే ఏడాది ఆగస్టులో 1.7, 2026 ఫిబ్రవరిలో 1.5. ధరల పెరుగుదలను చూసి ఏడాదికి రెండుసార్లు సవరిస్తారు.

ఇందులో కొత్తవాళ్లకు ఎవరూ చెప్పని కిటుకు ఒకటుంది. వడ్డీని రోజుల్లో కాకుండా పక్షాల్లో లెక్కగడతారు. నెలకు రెండే ముహూర్తాలు, ఒకటో తారీఖు, పదహారో తారీఖు. రెండో తారీఖున వేసిన డబ్బు పదహారు దాకా ఊరికే కూర్చుంటుంది. పద్నాలుగో తారీఖున తీస్తే ఆ పక్షం వడ్డీ మొత్తం పోయినట్టే, రెండు రోజులాగి పదహారున తీస్తే మిగులుతుంది. కాబట్టి జీతం ఇరవై ఎనిమిదిన పడితే ముప్పైలోపే లివ్రెలో వెయ్యాలి, అద్దె అడ్వాన్సుకు తీయాల్సి వస్తే పదహారు దాటాక తీయాలి. పదివేల మీద ఒక పక్షం వడ్డీ ఎంతో లెక్కేశాను. ఆరు యూరోల పాతిక సెంట్లు. తులూజ్‌లో మూడు కాఫీలు. దీనికోసం టెన్షన్ పడక్కర్లేదు, కానీ ఫ్రెంచి సహోద్యోగులు ఈ కాఫీల గురించి ఎంత సీరియస్‌గా మాట్లాడుకుంటారో వింటే ముచ్చటేస్తుంది.

లివ్రె ఆ పాస్‌బుక్కుకు ఒక పేద చుట్టం ఉంది, ఎల్ఈపీ. ఆదాయం ఒక హద్దు లోపల ఉన్నవాళ్లకే ఇస్తారు. వడ్డీ లివ్రె ఆ కంటే ఎక్కువ, పన్ను లేదు, పదివేల దాకా పెట్టుకోవచ్చు. చదువు ముగిసి మొదటి ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లలో చాలామందికి అర్హత ఉంటుంది, ఎందుకంటే చూసేది అంతకు ముందటి ఆదాయాన్ని. అందుకు పన్ను శాఖ ఇచ్చే నోటీసు కావాలి. దాన్ని అవీ దంపోజిస్యోన్ అంటారు. సంపాదన లేని ఏడాది కూడా పన్ను రిటర్న్ వేయమని సీనియర్లు పోరు పెట్టేది ఈ ఒక్క కాగితం కోసమే.

ఇక నేను కాలదన్నుకున్న అస్యురాన్స్ వీకి వస్తాను. ఫ్రెంచి కుటుంబాలు ఇందులో దాచిన మొత్తం దాదాపు రెండు లక్షల కోట్ల యూరోలు. యూరోలు, రూపాయలు కాదు. లోపల రెండు అరలుంటాయి. ఒకటి యూరో ఫండ్. అసలుకు బీమా కంపెనీ హామీ, ఏడాదికింత అని వడ్డీలాంటిది వేస్తారు. రెండోది యూనిట్ల అర. షేర్లు, బాండ్లు, స్థిరాస్తుల ఫండ్లు ఏవైనా ఉండొచ్చు, నష్టం వస్తే మీదే. ఈ అర నుంచి ఆ అరకు మార్చుకుంటే పన్ను ఉండదు. కవరు దాటి బయటికి వచ్చినప్పుడే పన్ను.

గడియారం ఇక్కడుంది. ఎనిమిదేళ్లు దాటిన ఖాతా నుంచి తీసుకుంటే, ఏడాదికి 4,600 యూరోల దాకా లాభం మీద ఆదాయపు పన్ను లేదు. పెళ్లయిన జంటకు 9,200. ఆ ఎనిమిదేళ్లు మీరు డబ్బు వేసిన రోజు నుంచి లెక్కపెట్టరు, ఖాతా తెరిచిన రోజు నుంచి లెక్కపెడతారు. వందతో ఇవాళ తెరిచి, ఏడేళ్ల పదకొండు నెలల తర్వాత ఇరవై వేలు వేసినా మరుసటి నెలకు ఆ ఇరవై వేలూ ముదురు ఖాతాలో ఉన్నట్టే. అందుకే ఫ్రెంచివాళ్లు "తేదీ పట్టుకో" అంటారు, ప్రాంద్ర్ దాత్. రైలు ఎక్కేదాకా సీటు మీద తువ్వాలు వేసినట్టు.

"లాభం మీద" అన్న మాట దగ్గర చాలామంది తికమక పడతారు. ఖాతాలో యాభై వేలున్నాయి, అందులో మీరు వేసింది నలభై వేలు, పెరిగింది పదివేలు అనుకోండి. ఇరవై వేలు తీశారు. పన్నువాళ్లు ఇరవై వేలనూ చూడరు. మొత్తంలో లాభం అయిదో వంతు కాబట్టి, తీసినదాంట్లోనూ అయిదో వంతే లాభం, అంటే నాలుగు వేలు. అది 4,600 లోపే. ఆదాయపు పన్ను సున్నా. నాలుగు వేల మీద 17.2 శాతం చందా, 688 యూరోలు, అంతే. యూరో ఫండ్ లాభమైతే ఆ చందాను ఏటా ముందే కోసేసి ఉంటారు.

చెల్లెలికో మేనల్లుడికో వదిలి వెళ్లాలన్నా ఇదే దారి. డెబ్బై నిండకముందు వేసిన డబ్బులో, పేరు రాసిన ఒక్కొక్కరికీ 152,500 యూరోల దాకా వారసత్వపు పన్ను ఉండదు. అన్నదమ్ముల మధ్య కూడా వారసత్వం మీద గట్టిగా పన్ను వేసే దేశంలో ఇది చిన్న సంగతి కాదు.

మరి ఇంత మంచిదాన్ని ఫ్రెంచివాళ్లే ఎందుకు తిడతారు? రుసుముల వల్ల. బ్యాంకులో కౌంటర్ దగ్గర అమ్మే చాలా ఖాతాల్లో డబ్బు వేసిన రోజే రెండో మూడో శాతం కోత పడుతుంది. పదివేలు వేస్తే మూడొందలు గుమ్మంలోనే హాంఫట్. పైగా ఏటా నిర్వహణ రుసుము, యూనిట్ల అరలోని ఫండ్లకు మళ్లీ వాటి రుసుము. ప్రవేశ రుసుము లేని ఖాతాలు ఆన్‌లైన్‌లో ఎన్నో ఉన్నాయి, బ్యాంకావిడ వాటి గురించి చెప్పదు. చెప్పాలనుకోవటం మన అమాయకత్వం. ఎల్ఐసీ ఏజెంటు మనకు పక్క కంపెనీ టర్మ్ పాలసీ గురించి చెప్పాడా ఎప్పుడైనా? నేను ఆ రోజు వద్దనటం తప్పు కాదు, ఆవిడ దగ్గర వద్దని ఊరుకుని ఇంకోచోట తెరవకపోవటం తప్పు.

పీఈఏ 1992లో వచ్చింది. షేర్ల కోసం ప్రత్యేకించిన కవరు. మనిషికి ఒకటి, లక్షా యాభై వేల దాకా వేసుకోవచ్చు, అయిదేళ్లు దాటితే లాభం మీద ఆదాయపు పన్ను లేదు. 2019లో వచ్చిన పాక్త్ చట్టం తర్వాత, అయిదేళ్లు దాటాక కొంత తీసినా ఖాతా మూతపడదు. అయిదేళ్ల లోపు తీస్తే మాత్రం, కొన్ని మినహాయింపులు తప్ప, మూసేస్తారు. తెరవటానికి ఫ్రాన్స్‌లో పన్ను కట్టే నివాసి అయి ఉండాలి. తర్వాత ఇండియాకు తిరిగొచ్చేసినా మూసెయ్యాలన్న నియమం లేదు, కాకపోతే ఇండియాలో దాని పన్ను వేరే కథ.

చిక్కల్లా ఒకటే, ఈ కవర్లో యూరప్ కంపెనీల షేర్లే పెట్టాలి. ఫండయితే కనీసం ముప్పాతిక వంతు యూరప్ షేర్లుండాలి. అయినా ఫ్రెంచివాళ్లు ఇందులోనే ప్రపంచ సూచీ ఫండ్లు, అమెరికా సూచీ ఫండ్లు కొంటారు. మొదటిసారి విన్నప్పుడు ఇది ఏదో దొంగ లెక్క అనుకున్నాను. కాదు, కుండమార్పిడి. ఫండు నిజంగానే యూరప్ షేర్లు కొని పెట్టుకుంటుంది. పక్కనే ఒక పెద్ద బ్యాంకుతో ఒప్పందం రాసుకుంటుంది. నా బుట్టలోని షేర్ల పెరుగుదల నువ్వు తీసుకో, ప్రపంచ సూచీ పెరుగుదల నాకివ్వు. పిల్ల ఇటు, పిల్ల అటు. చట్టం చూసేది బుట్టను, మదుపరికి అందేది సూచీ. వియ్యాలవారు మాట తప్పితే? ఒక్క బ్యాంకు మీద అలా తేలి ఉండే మొత్తం ఫండులో పదో వంతు మించకూడదని యూరప్ నియమం ఉంది. రిస్కు బొత్తిగా లేదనలేం, కానీ నిద్ర చెడగొట్టుకునేంత లేదని నా అభిప్రాయం. ఈ మతలబు ఇంగ్లీషు పుస్తకాల్లో దొరకదు, ఎందుకంటే ఇలాంటి కవరుతో వాళ్లకు పని లేదు.

మిగతావి టూకీగా చెబుతాను. ఎల్‌డీడీఎస్ లివ్రె ఆ లాంటిదే ఇంకో పాస్‌బుక్కు. పీఈఎల్ ఇంటి కోసం పొదుపు, ఇప్పుడు కొత్తగా తెరవటంలో నాకు పెద్ద లాభం కనిపించదు. ఎస్సీపీఐ అంటే నలుగురి డబ్బుతో కొన్న భవనాల్లో కాగితం మీద వాటా, ప్రవేశ రుసుము భారీ, 2023లో వాటిలో చాలా వాటి ధరలు పడి అమ్ముకోలేక ఇరుక్కున్నవాళ్లున్నారు. పీఈఆర్ 2019లో వచ్చిన పింఛను కవరు. ఒక హద్దు దాకా, వేసినంత పన్ను కట్టే ఆదాయంలోంచి తగ్గిస్తారు, కానీ సొంతిల్లు కొనటం, కొన్ని ఆపదలు తప్ప రిటైరయ్యేదాకా తాళం. నాలుగేళ్లలో హైదరాబాద్ వెళ్లిపోదామనుకునేవాడికి నేనైతే చెప్పను.

ఈ పీఈఆర్ గురించి ఫ్రెంచివాళ్లను ఫ్రెంచిలో అడిగితే ముందు ఒక ఎదురు ప్రశ్న వస్తుంది: నీ టీఎంఐ ఎంత? అంటే నీ చివరి యూరో ఏ పన్ను మెట్టు మీద ఉంది అని. మెట్లు 0, 11, 30, 41, 45. ముప్పై మీద ఉన్నవాడు పీఈఆర్‌లో వెయ్యి వేస్తే ఈ ఏడు మూడొందలు మిగులుతాయి. పదకొండు మీద ఉన్నవాడికి నూటపది. ఒకే కవరు ఒకడికి వరం, ఇంకొకడికి తాళంచెవి లేని పెట్టె. ఆఫీసులో కలిసి తినేచోట జీతం గురించి నోరు విప్పని మనుషులు, ముక్కూ మొహం తెలియని ఆన్‌లైన్ చర్చల్లో మాత్రం వయసు, టీఎంఐ, పక్కన పెట్టిన డబ్బు, ఎన్నాళ్లకు కావాలి అన్న నాలుగూ చెప్పి గానీ ప్రశ్న అడగరు. ఈ పద్ధతి నాకు నచ్చింది. ఏ షేరు కొనమంటారు అని అడిగినవాడికి ఎవరూ జవాబివ్వరు.

టీఎంఐ తెలిస్తే ఇంకో పని కూడా అవుతుంది. వసంతకాలంలో పన్ను రిటర్న్ నింపేటప్పుడు 2ఓపీ అనే ఒక గడి కనిపిస్తుంది. అది టిక్ చేస్తే వడ్డీలు, డివిడెండ్లు, షేర్ల లాభాల మీద 12.8 కాకుండా మీ మెట్టు ప్రకారం పన్ను వేస్తారు. సున్నా మెట్టు, పదకొండు మెట్టు మీద ఉన్న విద్యార్థులకూ కొత్త ఉద్యోగులకూ టిక్ చేస్తేనే లాభం. ముప్పై మీద ఉన్నవాళ్లు మామూలుగా ముట్టుకోరు. ఒక్క టిక్ ఆ ఏడాది అలాంటి ఆదాయమంతటికీ వర్తిస్తుంది, కావలసినదానికే పెట్టుకోవటం కుదరదు.

ఫ్రెంచి వచ్చినంత మాత్రాన మోసాలు తప్పవు, అవీ ఫ్రెంచిలోనే వస్తాయి. విదేశీ కరెన్సీల మీద పందేలు కట్టించే యాప్‌ల ఖాతాదార్లను ఫ్రాన్స్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఏఎంఎఫ్ పరిశీలించి 2014లో లెక్క బయటపెట్టింది. నాలుగేళ్లలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది పోగొట్టుకున్నారు, సగటున ఒక్కొక్కరికి పదివేల యూరోల పైనే. 2023 జూన్‌లో ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద ప్రత్యేక చట్టమే తెచ్చారు. ఎవరైనా ఫోన్ చేసి "మీ కోసం ప్రత్యేకమైన లివ్రె" అంటే ఆ మనిషి పేరు ఓరియాస్ అనే, బీమా, మదుపు మధ్యవర్తుల ప్రభుత్వ గుర్తింపున్న జాబితాలో వెతకాలి. ఏఎంఎఫ్ నల్ల జాబితా కూడా అందరూ చూడొచ్చు. రెండూ కలిపి అయిదు నిమిషాల పని.

చివరిగా, ఫ్రెంచివాళ్లకు అంతగా అవసరపడని, మనకు తప్పని కాగితం ఒకటి. ఫారం 3916. ఫ్రాన్స్ బయట ఉన్న ప్రతి బ్యాంకు ఖాతానూ ఏటా ఇందులో రాయాలి. ప్రవాసులకు మన బ్యాంకులిచ్చే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలు, కాలేజీలో తెరిచి మరిచిపోయిన ఖాతా, ఆ ఏడు మూసేసిన ఖాతా కూడా. అందులో డబ్బుందా లేదా అన్నది లెక్కలోకి రాదు. రిటర్న్‌లో 8యూయూ గడి టిక్ చేసి, ఖాతాకొక పత్రం నింపాలి. దాచినట్టు తేలితే ఒక్కో ఖాతాకు ఏడాదికి 1,500 యూరోల జరిమానా. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కదా అని ఫ్రాన్స్‌లోనూ లేదనుకోకూడదు, ఆ వడ్డీ ఇక్కడ చెప్పాల్సిందే. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం తప్పితే మన ఊళ్లకు ఈ భాషతో పెద్దగా చుట్టరికం లేదు కాబట్టి, ఇవన్నీ తెలుగులో చెప్పినవాళ్లూ తక్కువే.

అదే ఫారంలో కిందికి వెళ్తే ఇంకో గడి ఉంది. ఫ్రాన్స్ బయటి కంపెనీలో పొదుపుతో కూడిన జీవిత బీమా ఉంటే అదీ రాయాలట. నాకు పద్దెనిమిది నిండాక నా పేరుకు మారిన పాలసీ గుర్తొచ్చింది. అస్యురాన్స్ వీ వద్దంటానికి బ్యాంకావిడ ముందు అడ్డం పెట్టుకున్నదే. నాన్నకు ఫోన్ చేసి బాండు నంబరు, ఇప్పుడు సరెండర్ చేస్తే ఎంతొస్తుందో కనుక్కోమన్నాను. బీరువా తెరిచిన చప్పుడు, ప్లాస్టిక్ సంచి గలగల వినిపించాయి. నంబరు రెండుసార్లు చదివి, "ఒరేయ్, తెనాలి బ్రాంచిలో కట్టిన పాలసీతో ఆ ఫ్రాన్సువాళ్లకేం పనిరా?" అన్నారు.